అమ్మ పాలలోని ఆ చక్కెర ఎవరికోసం?

చిన్నూకి, మిన్నీకి నానమ్మ ఆశీస్సులు.

తమ్ముడికి ఒట్టి పాలతోనే కడుపు నిండుతుందా అని ఫోన్‌లో అడిగారు కదా. నిండుతుంది. వాడిదొక్కడిదే కాదు, వాడి పేగుల్లో ఉండే ఇంకొకరిది కూడా.

దాని పేరు బిఫిడోబ్యాక్టీరియం ఇన్‌ఫాంటిస్. కంటికి ఆనని సూక్ష్మజీవి. దీని బంధుకోటిని 1899లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ టిసియే అనే ఆయన తల్లిపాలు తాగే పిల్లల మలంలో కనిపెట్టాడు. మైక్రోస్కోపులో చూస్తే కొన్నిటికి కొస రెండుగా చీలి ఇంగ్లీషు 'వై' అక్షరంలా ఉంటుంది. మలం అనగానే ముక్కు మూసుకోకండి, పేగుల సంగతి చెప్పేది అదే మరి.

అసలు వింత ఇప్పుడు వినండి. అమ్మ పాలలో లాక్టోజ్, కొవ్వు, మాంసకృత్తులు కాకుండా, లీటరుకు 5 నుంచి 15 గ్రాముల దాకా వేరే రకం చక్కెరలు ఉంటాయి. అవి తమ్ముడికి అరగవు! అలాగే పెద్దపేగులోకి జారిపోతాయి. బాలింత ఒంట్లో అంత కష్టంగా తయారైనది బిడ్డకే అరగకపోతే ఎందుకూ అనిపిస్తుంది కదా? అక్కడ ఇన్‌ఫాంటిస్ కాచుకుని ఉంటుంది. ఆ చక్కెరలను ఉన్నవి ఉన్నట్టు లోపలికి లాక్కుని విడగొట్టే ఎంజైములు దానికి ఉన్నాయి. మిగతా బ్యాక్టీరియాలో చాలావాటికి అది చేతకాదు. నాకు తెలిసిన జీవశాస్త్రంలో ఇంతకన్నా అందమైన ఏర్పాటు లేదు.

తిన్నాక అది లాక్టిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పేగు పులుపెక్కుతుంది. జబ్బుచేసే క్రిములు చాలావాటికి ఆ పులుపు పడదు. తమ్ముడి డైపర్ మార్చేటప్పుడు చూడండి: పసుపు రంగులో పలచగా ఉంటుంది, పులిసిన పెరుగులా కొంచెం పుల్లటి వాసన వస్తుంది. పెద్దవాళ్లదిలా కంపు కొట్టదు.

ఆరు నెలలు నిండి ఉగ్గు మొదలయ్యాక, పాలు తగ్గే కొద్దీ ఇదీ తగ్గుతుంది, వేరేవి వచ్చి చేరతాయి.

కాన్పయిన కొత్తలో వచ్చే ముర్రుపాలలో ఈ చక్కెరలు ఇంకా ఎక్కువ. అలాంటి పాలను పిండి పారబోసి, బిడ్డకు తేనె నాకించే అలవాటు మన ఊళ్లలో ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తేనెలో ఒక్కోసారి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. మనల్ని అవి ఏమీ చేయవు గానీ, పసివాళ్ల పేగుల్లో మొలకెత్తగలవు. అందుకే ఏడాది నిండేదాకా తేనె వద్దంటారు డాక్టర్లు. బారసాలకు వచ్చిన చుట్టాలెవరైనా వాడికి తేనె నాకిద్దామంటే, మొహమాటపడకుండా వెంటనే అమ్మను పిలవండి.

మీ నానమ్మ