పసిపిల్లల పేగులు, కొవ్వు, కొబ్బరి నూనె: గోదావరి డెల్టాలో నేను రోజూ వినే అపోహలు, అసలు విషయాలు

ఒక నాయనమ్మ గారు మనవడి విరేచనాన్ని అరటాకు ముక్కలో పొట్లం కట్టి తెచ్చారు. బాబుకి తొమ్మిది నెలలు, బరువు ఐదున్నర కేజీలు. మూడు నెలలుగా ఒకచోట ఒక సిరప్, ఇంకోచోట ఇంకో సిరప్ వాడుతూ తిరుగుతున్నారు. పొట్లం విప్పకముందే ఆవిడ అసలు విషయం చెప్పేశారు. "గుడ్డ రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికినా జిడ్డు వదలట్లేదండి. నెయ్యి గిన్నె తోమినట్టే ఉందండి." విప్పి చూస్తే పాలిపోయిన రంగు ముద్ద, ఆకు మీద నూనె మెరుపు. బిడ్డ తాగిన పాలలో కొవ్వు ఒంటికి పట్టకుండా బయటికి వచ్చేస్తోందన్నమాట. అలా చూసి, గుర్తుపెట్టుకుని చెప్పేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

నేను పిల్లల జీర్ణకోశ వ్యాధుల డాక్టర్ని. అమలాపురం, రాజోలు, రావులపాలెం, భీమవరం వైపుల నుంచి పిల్లల్ని తీసుకొస్తారు. అందరూ ముందుగా అడిగేది ఒకటే: "నూనె, నెయ్యి పెట్టమంటారా, మానేయమంటారా?" కొవ్వు ఎక్కడ ఆగిపోయిందో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం.

ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు పెద్ద కాలువలోంచి పిల్ల కాలువల్లోకి, అక్కడినుంచి బోదెల్లోకి వెళ్లి చేనుకు చేరతాయి కదా. మధ్యలో ఒక్క లాకు పాడైనా శివారు భూమి ఎండిపోతుంది. ఒంట్లో కొవ్వు ప్రయాణమూ ఇంతే. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును ముక్కలు చేస్తుంది, పైత్యరసం దాన్ని నీళ్లలో కలిసేలా చేస్తుంది. పేగు గోడలోని కణం ఆ ముక్కల్ని మళ్లీ అతికించి, ప్రొటీన్ కట్టుతో చిన్న మూటగా కడుతుంది. ఆ మూట పేరు కైలోమైక్రాన్. అది నేరుగా రక్తంలోకి పోదు. లింఫ్ అనే ద్రవాన్ని మోసే సన్నని నాళాల్లో పైకి పోయి, మెడ కింద రక్తంలో కలుస్తుంది. అక్కడ ఇంకో ఎంజైమ్ మూట విప్పి కొవ్వును కండరాలకు పంచుతుంది. ఈ దారిలో దాదాపు ప్రతి మలుపు దగ్గరా పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది. అవి అరుదే, కానీ ఆలస్యమైతే నష్టం చాలా ఎక్కువ.

అపోహ: "పళ్లొస్తున్నాయి, విరేచనాలు మామూలే."

రెండు వారాలు దాటిన విరేచనాల్ని పళ్ల మీదకు నెట్టకండి. బరువు పెరగకపోతే అసలే నెట్టకండి. తల్లిపాలలో ఉండే శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. అది ఒంటికి పట్టని బిడ్డ ఎంత తాగినా ఆకలితోనే ఉంటాడు. అంగన్‌వాడీలో ఇచ్చిన బరువు కార్డు తీసుకురండి, నాకు సగం పని అక్కడే అయిపోతుంది.

అపోహ: "కొలెస్ట్రాల్ తక్కువుంటే మంచిదే కదండి."

అరటాకు పొట్లం బాబు రిపోర్టులో కొలెస్ట్రాల్ 34 వచ్చింది, ట్రైగ్లిజరైడ్లు దాదాపు లేనట్టే. "మా నాన్నకి 260 అండి, వీడికి గొడవే లేదు" అని తండ్రి సంతోషపడ్డాడు. ఆయన తప్పేమీ లేదు, కొలెస్ట్రాల్ ఎక్కువైతే ప్రమాదం అనే మాటే మనందరం వింటున్నాం. కానీ విరేచనాలతో ఎదగని పసిబిడ్డలో ఇంత తక్కువ అంకె కనిపిస్తే అది హెచ్చరిక. పేగు కణం కొవ్వును మూట కట్టలేకపోతోందేమో చూడాలి.

ఈ జబ్బు పేరు అబీటాలైపోప్రొటీనీమియా. అమెరికాలో బాసెన్, కార్న్‌జ్వైగ్ అనే డాక్టర్లు 1950లో మొదటిసారి వర్ణించారు. మైక్రోస్కోపులో ఎర్ర రక్తకణాలు ముళ్లు లేచినట్టు కనిపిస్తాయి. ఎండోస్కోపీలో పేగు గోడ మీద తెల్లగా మంచు పరిచినట్టు ఉంటుంది. కట్టకుండా మిగిలిపోయిన కొవ్వు అది. మూట కట్టే ఎంటీపీ అనే ప్రొటీనే ఈ పిల్లల పేగులో లోపించిందని 1992లో తేలింది.

ఇందులో నన్ను ఎక్కువగా భయపెట్టేది విరేచనాలు కాదు, విటమిన్ ఇ. అది కొవ్వుతోపాటే ప్రయాణం చేస్తుంది. అందకపోతే నరాలు మెల్లగా దెబ్బతింటాయి. మొదట మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగరదు, తర్వాత నడక తూలుతుంది, రాత్రి చూపు తగ్గుతుంది. చిన్నప్పుడే కొవ్వు తగ్గించి, విటమిన్ ఇ మామూలు అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో ఇస్తూ, ఎ, డి, కె విటమిన్లు కూడా చూసుకుంటే ఆ నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. పోయిన నరాల్ని మాత్రం వెనక్కి తేవడం కష్టం. అందుకే తొమ్మిదో నెలలో తెలియడానికీ తొమ్మిదో ఏట తెలియడానికీ అంత తేడా.

లక్షల్లో ఒకరికొచ్చే జబ్బు మీద పరిశోధన ఎందుకని అడిగేవాళ్లకు ఒక మాట. ఎంటీపీ గురించి తెలిశాక, దాన్ని కావాలనే కొంత అడ్డుకునే మందు తయారు చేశారు, లోమిటపైడ్. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వచ్చి కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగే జబ్బుకు అమెరికాలో 2012లో అనుమతి ఇచ్చారు. ఈ పిల్లల పేగుల్లో నేర్చుకున్న పాఠం వేరేవాళ్ల గుండెకు పనికొచ్చింది.

అపోహ: "ఎంసీటీ అంటే కొబ్బరి నూనే కదండి, మా పెరట్లోనే ఉంది."

కోనసీమలో కూర్చుని ఈ మాట వినని రోజు లేదు. కొవ్వు మూటల దారి మూసుకుపోయిన పిల్లలకు మేం తినే తిండిలో కలపమని ఎంసీటీ (మధ్యస్థ గొలుసుల కొవ్వు) నూనె చీటీలో రాసిస్తాం. అందులోని కొవ్వు గొలుసులు పొట్టివి, 8, 10 కార్బన్లవి. వాటికి మూట అక్కర్లేదు, లింఫ్ నాళం అక్కర్లేదు. పేగు నుంచి నేరుగా కాలేయానికి పోయే రక్తంలో కలిసిపోతాయి. ఈ నూనెను కొబ్బరి నూనె నుంచి కూడా తీస్తారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, అంటే 12 కార్బన్ల గొలుసు. అందులో చాలా భాగం మళ్లీ మూట కట్టుకుని లింఫ్ దారిలోనే పోతుంది. మాకు కావాల్సిన 8, 10 కార్బన్ల భాగం సుమారు ఏడో వంతే. మిగతా గొలుసులు ఇంకా పొడుగువి. గానుగలో ఆడించినా, కొబ్బరి పాలు కాచి తీసినా ఈ లెక్క మారదు. ఒక తల్లి నా చీటీలో ఎంసీటీ అని ఉంటే ఖర్చు తగ్గుతుందని నెలంతా ఇంటి కొబ్బరి నూనె పట్టారు, బిడ్డ కాళ్ల వాపు (ఆ జబ్బు సంగతి కింద చెప్తాను) మళ్లీ మొదటికొచ్చింది. ఆవిడను ఒక్క మాట అనలేదు. ఆ తేడా చీటీ ఇచ్చిన రోజే చెప్పాల్సింది నేను. ఇప్పుడు రెండు సీసాలూ బల్ల మీద పెట్టి చూపిస్తున్నాను.

ఎంసీటీ అయినా ఒక్కటే సరిపోదు. ఒంటికి తప్పనిసరైన లినోలిక్ ఆమ్లం వంటివి అందులో లేవు. అవి లేకపోతే చర్మం పొట్టు లేస్తుంది, ఎదుగుదల ఆగుతుంది. అందుకే పొద్దుతిరుగుడు నూనె లాంటిది చెంచాలతో కొలిచి కొద్దిగా కలుపుతాం. ఎంసీటీని రోజుకు కొంచెం చొప్పున పెంచాలి, ఒక్కసారిగా పోస్తే కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. పోపులకీ వేపుళ్లకీ వాడొద్దు, వండిన అన్నంలోనో పప్పులోనో కలపండి.

మంచి కొబ్బరి నూనె మీద నాకు కోపం లేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఒంటికి రాసుకోండి, కూరలో వేసుకోండి.

అపోహ: "కాళ్లు ఉబ్బాయి, ప్రొటీన్ పౌడర్ పట్టిస్తే తగ్గుతుంది."

కొందరు పిల్లల్లో పేగులోని లింఫ్ నాళాలు పుట్టుకతోనే ఉబ్బి ఉంటాయి. వాల్డ్‌మన్ అనే డాక్టర్ 1961లో ఈ జబ్బును వివరించారు. కొవ్వు తిన్నప్పుడల్లా ఆ నాళాల్లో ఒత్తిడి పెరిగి గట్టుకు గండి పడుతుంది, ప్రొటీన్లు, రక్షణ కణాలు పేగులోకి కారిపోతాయి. కాళ్లు, మొహం ఉబ్బుతాయి. గండి పూడ్చకుండా పై నుంచి నీళ్లు వదిలితే ఏం లాభం? మామూలు కొవ్వు బాగా తగ్గించి, ఎంసీటీ పెంచితే చాలామందిలో కారడం తగ్గుతుంది. ప్రొటీనూ ఎక్కువే ఇస్తాం, కానీ దాంతోపాటు.

అపోహ: "తల్లి నెయ్యి ఎక్కువ తింది, అందుకే బిడ్డ రక్తం పాలలా ఉంది."

ఒక పాప రక్తాన్ని ఒక ల్యాబ్‌లో రెండుసార్లు "శాంపిల్ పాడైంది" అని పక్కన పడేశారు. మూడోసారి ఆ ట్యూబును నేనే రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెట్టాను. పొద్దున్నకి పైన వేలు మందాన మీగడ తేలింది, కింద తేటగా ఉంది. మూట విప్పే ఎంజైమ్ పుట్టుకతో లేకపోతే ఇలా అవుతుంది. తల్లి బాలింత పథ్యానికీ, నేతికీ దీనికీ సంబంధం లేదు. ఈ పిల్లలకు ట్రైగ్లిజరైడ్లు వేలల్లోకి పోయి క్లోమం వాచే ప్రమాదం ఉంది. ఆహారంలో కొవ్వు గట్టిగా తగ్గించడమే ప్రధాన చికిత్స. తల్లిపాలు మీకు మీరుగా మాన్పించకండి, ఏం కలపాలో ఎంత కలపాలో కూర్చుని లెక్కేద్దాం. ఈ జబ్బున్న పెద్దవాళ్ల కోసం ఒలెజార్సెన్ అనే ఇంజెక్షన్‌కు 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది.

అపోహ: "పసికామెర్లే, ఎండలో పెడితే, పసరు పోస్తే పోతాయి."

ఇది మాత్రం ఇవాళే చదవండి. రెండు వారాలు దాటినా కళ్లు పచ్చగా ఉండి, విరేచనం సుద్దలా తెల్లగా ఉంటే పసరు కోసం ఊళ్లు తిరగొద్దు. పైత్య నాళాలు మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు పైత్యరసం పేగుకు చేరదు, కొవ్వు అరగదు, విటమిన్ కె అందక మెదడులో రక్తస్రావం కూడా కావొచ్చు. జపాన్ సర్జన్ మోరియో కసాయ్ 1950లలో మొదలుపెట్టిన ఆపరేషన్ ఉంది. 60 రోజుల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. పసరు కోసం పోయే ప్రతి వారమూ ఆ అరవైలోంచే పోతుంది. డైపర్‌ను పగటి వెలుగులో ఫోటో తీసి తీసుకురండి. రక్త పరీక్షలో మొత్తం బిలిరుబిన్‌తో (కామెర్లలో పచ్చదనం తెచ్చే పదార్థం) పాటు డైరెక్ట్ బిలిరుబిన్ కూడా చేయమని అడగండి.

అపోహ: "పుట్టిన బిడ్డకి ఉగ్గుగిన్నెతో ఆముదం పడితే కడుపు శుభ్రమవుతుంది."

వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుంది. నల్లటి జిగురు మలం 24 గంటల్లో రాకపోతే డాక్టర్‌కు చెప్పండి. 48 గంటలైనా రాక, పొట్ట ఉబ్బి ఆకుపచ్చని వాంతులవుతుంటే పేగు చివర నరాల కణాలు లేని జబ్బు కావొచ్చు. హిర్ష్‌స్ప్రుంగ్ 1886లో చెప్పిన ఈ జబ్బు సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుంది. దీన్ని ఆపరేషన్‌తో సరిచేస్తారు, ఆముదంతో కాదు.

అపోహ: "కోడలి వైపు నుంచే వచ్చింది. ఒకడికి వచ్చేసింది కాబట్టి తర్వాతి వాళ్లకి రాదు."

కొవ్వు మూట జబ్బుల్లో చాలా వాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ట జన్యువులు కలవాలి. ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. మేనరికంలో ఒకే తాతముత్తాతల జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. మేనమామ, మేనకోడలు పెళ్లిలో బావామరదళ్ల పెళ్లి కంటే ఎక్కువ. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం మళ్లీ కొత్తగా ఉంటుంది, ముందు పుట్టిన బిడ్డతో లెక్క తీరిపోదు.

అరటాకు పొట్లం బాబు వాళ్లమ్మ రెండో కాన్పు అనుకునే ముందే వచ్చారు. నాయనమ్మ గారూ వెంట వచ్చారు, "మా కోడలిదేం తప్పు లేదని మీ నోటితో మా ఆయనకి చెప్పండి" అని అడిగారు. చెప్పాను. మొదటి బిడ్డలో ఏ జన్యువులో ఏ మార్పు ఉందో తెలిస్తే, గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న నమూనా తీసి చూడొచ్చు. అందుకని ఆ జన్యు పరీక్ష రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేషన్ కార్డు ఎక్కడ దాస్తారో అక్కడే దాచుకోండి.