పెరిగే అంచు: క్రెస్టెడ్ సక్యులెంట్లను కాండపు ముక్కలతో పెంచడం

మొక్క కాండం పొడవు పెరగడమంతా దాని కొనలో ఉన్న అతి చిన్న కణాల గుంపు మీద ఆధారపడి ఉంటుంది. విభాజ్య కణజాలం అని పిలిచే ఈ గుంపు సాధారణంగా గుండ్రని గుబ్బలా ఉండి, నిరంతరం విభజన చెందుతూ, కింద కాండాన్నీ పక్కల ఆకులనూ ముళ్లు మొలిచే చోట్లనూ ఏర్పరుస్తుంది. అది ఒక బిందువుగా ఉన్నంతకాలం కాండం గుండ్రంగానే పెరుగుతుంది. ఏదైనా కారణం వల్ల ఆ బిందువు ఇరుపక్కలకూ సాగి గీతగా మారితే, కాండం బల్లపరుపుగా, ఏటేటా వెడల్పవుతూ పెరుగుతుంది. ఆ గీత పొడవు దాని కిందనున్న కాండం వెడల్పు కన్నా వేగంగా పెరుగుతుంది కనుక, పట్టే చోటు లేక ముందుకూ వెనక్కూ వంగి మెలికలు తిరుగుతుంది. ఇలా కొన గీతగా మారిన మొక్కలనే క్రెస్టెడ్ మొక్కలంటారు. క్రెస్టెడ్ కాక్టస్‌ల మీద, గులాబీ పువ్వులా దళసరి ఆకులు పేర్చుకునే ఎచెవేరియాల మీద మనల్ని కట్టిపడేసే ఆ ముడతలన్నీ ఇలా ఏర్పడినవే.

గీతగా మారడానికి కారణం ఒక్కటే కాదు. కొనకు దెబ్బ తగలడం, పురుగు కొరకడం, తీవ్రమైన చలి, కలుపు మందుల ప్రభావం, రోడోకాకస్ ఫాసియన్స్ అనే బాక్టీరియా, కణాల్లో తలెత్తిన ఉత్పరివర్తన, వీటిలో ఏదైనా కావచ్చు. జన్యువుల స్థాయిలో ఈ వ్యవహారాన్ని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో బాగా అర్థం చేసుకున్నారు. అందులో వుషెల్ అనే జన్యువు కొనలోని మూలకణాల సంఖ్యను పెంచుతుంది; ఆ మూలకణాలు క్లావాటా-3 అనే చిన్న పెప్టైడ్‌ను విడుదల చేసి వుషెల్‌ను అదుపులో పెడతాయి. ఈ అదుపు తప్పినప్పుడు మూలకణాలు అవసరానికి మించి పోగుపడి, కొన వెడల్పవుతుంది. అడవి టమాటాలో రెండే గదులుండగా, పెంపుడు రకాల్లో ఎన్నో గదులతో పెద్ద కాయలు రావడం వెనుక కూడా ఈ అదుపు సడలడమే ఉంది. 1866లో మెండెల్ ప్రచురించిన బఠానీ ప్రయోగాల్లోని ఏడు లక్షణాల్లో ఒకటైన పువ్వుల స్థానం, అంటే అవి కాండం చివర గుత్తిగా రావడమా, కణుపుల్లో రావడమా అన్నది, నిజానికి ఇలా వెడల్పైన కాండానికి సంబంధించిందే.

కోడిజుట్టు పువ్వులో ఈ రూపం విత్తనం ద్వారా తరతరాలకూ వస్తుంది. నీటిని కండలో దాచుకునే కాక్టస్, ఎచెవేరియా వంటి సక్యులెంట్లలో అలా జరగడం అరుదు. క్రెస్టెడ్ కాక్టస్ పూసి, కాయ కాసి, విత్తనాలు మొలకెత్తినా, ఆ మొలకల్లో దాదాపు అన్నీ మామూలు గుండ్రని మొక్కలే అవుతాయి. ఎచెవేరియా, సెడమ్ వంటివాటిలో ఆకును తీసి మట్టి మీద పెడితే కొత్త మొక్క వస్తుందన్నది అందరికీ తెలిసిన పద్ధతే. కానీ క్రెస్టెడ్ మొక్క ఆకుతో ఆ పని చేస్తే నిరాశే ఎక్కువసార్లు మిగులుతుంది. ఆకు మొదట్లో పుట్టే మొగ్గ కొత్తగా ఏర్పడిన బిందువు, దానికి తల్లి మొక్క అంచుతో సంబంధమే లేదు. అందుచేత ఈ రూపాన్ని నిలుపుకోవాలంటే ఆ అంచులో కొంత భాగాన్ని ప్రాణంతో ఉండగానే కోసి, దానికి సొంత వేళ్లు వచ్చేలా చేయడమో, వేరే మొక్క మీద అంటు కట్టడమో తప్ప మరో నమ్మకమైన దారి లేదు. కత్తి ఎక్కడ పెట్టాలి, ఎంత పెద్ద ముక్క తీయాలి, ఏ పిలకను తుంచాలి అన్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి.

కోసే ముందు మొక్కను తీరిగ్గా పరిశీలించడం మంచిది. ఉదాహరణకు మామిలేరియా ఎలాంగేటా క్రెస్టెడ్ రూపాన్ని తీసుకుంటే, పై అంచు పొడవునా లేత రంగులో, నూగుతో కప్పబడిన సన్నని చార కనిపిస్తుంది. అందులో ముళ్లు మొలిచే చుక్కలు ఒకదానినొకటి ఒరుసుకునేంత దగ్గరగా ఉంటాయి. ముళ్లు ఇంకా గట్టిపడక మెత్తగా ఉంటాయి. ఆ చారే పెరిగే అంచు. అక్కడి నుంచి కిందికి చూస్తే చుక్కలు ఎడమవుతూ వరుసలు కడతాయి, ఆ వరుసలు మొదలు దగ్గర ఇరుకుగా మొదలై విసనకర్ర పుల్లల్లా పైకి విప్పుకుంటాయి. లోపల నీటినీ ఆహారాన్నీ మోసే నాళాలు కూడా ఇంచుమించు ఇదే దిశలో సాగుతాయి. కాబట్టి కత్తి ఈ వరుసల వెంట, పైనుంచి మొదలు వైపు దిగాలి. అడ్డంగా కోస్తే పై ముక్కకు అంచు దక్కినా, నాళాలు పొడవునా తెగి పెద్ద గాయం మిగులుతుంది. తల్లి మొక్క మాత్రం తన అంచునంతా కోల్పోయి మోడుగా మారుతుంది, ఆ మోడు నుంచి వచ్చే పిలకలు చాలావరకు మామూలు రూపానికి చెందినవే. వరుసల వెంట ముక్క తీసినట్లయితే తల్లికీ ముక్కకూ రెండింటికీ అంచు మిగులుతుంది.

ముక్క పరిమాణం విషయంలో దురాశ పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఒకే మొక్క నుంచి వీలైనన్ని ముక్కలు తీయాలన్న ఆత్రంతో వేలి వెడల్పు పలకలుగా కోస్తే, ప్రతి ముక్కకూ రెండు పక్కలా, అడుగునా గాయాలే ఉంటాయి. నీటిని నిలవ చేసే కండ తక్కువగా ఉంటుంది. వేళ్లు వచ్చే లోపే అది వడలిపోతుంది. కాక్టస్‌లలో కనీసం ఐదారు సెంటీమీటర్ల అంచు, దానికి తగిన లోతు ఉన్న ముక్క నిలదొక్కుకునే అవకాశం చాలా ఎక్కువ. చిన్న ఆకుల ఎచెవేరియా, సెడమ్ జాతుల్లో ఇంతకన్నా చిన్న ముక్క సరిపోతుంది, కింది ఆకులను తీసేసి కాండాన్ని కాస్త బయటపెడితే చాలు. కత్తి పదునుగా, సన్నగా ఉండాలి. ప్రతి కోతకూ ముందు స్పిరిట్‌తో తుడవాలి. మొండి కత్తి కణాలను కోయకుండా నలిపేస్తుంది, నలిగిన కణాలే శిలీంద్రాలకు మొదటి ఆహారం.

కోసిన ముఖాన్ని ఒక్క నిమిషం చూడండి. మామూలు కాక్టస్‌ను అడ్డంగా కోస్తే నాళాలు మధ్యలో గుండ్రని వలయంగా కనిపిస్తాయి. క్రెస్టెడ్ ముక్క అడుగున ఆ వలయం నొక్కేసినట్లుగా పొడవుగా సాగి, దాదాపు గీతలా ఉంటుంది. వేళ్లు పుట్టేది ఆ గీతకు ఆనుకుని ఉన్న కణాల నుంచే. కండ ఎండుతున్నప్పుడు మెత్తని భాగం లోపలికి కుంచించుకుపోతుంది, గట్టి తోలు మాత్రం నిలబడి అడుగున గిన్నెలా గుంట ఏర్పడుతుంది. అప్పుడు నాళాల గీత ఆ గుంటలో చిక్కుకుని, పుట్టిన వేళ్లకు మట్టి అందదు. దీన్ని నివారించడానికి కోసిన వెంటనే అడుగు చుట్టూ ఉన్న తోలు అంచును ఏటవాలుగా చెక్కివేయాలి. చూడటానికి చిన్న పనే అయినా, బాగా వేళ్లూనే ముక్కకూ నెలల తరబడి కదలక మెదలక ఉండే ముక్కకూ మధ్య తేడా తరచు ఇక్కడే ఉంటుంది.

జెముడు జాతికి చెందిన యుఫోర్బియాల విషయంలో మరో జాగ్రత్త తప్పనిసరి. వాటిని కోయగానే కారే తెల్లని పాలు చర్మాన్ని మండిస్తాయి, కంటిలో పడితే చూపుకే ముప్పు తేగల తీవ్రమైన వాపు కలిగిస్తాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ పనికి పూనుకోకూడదు. కంట్లో పడితే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి వెంటనే వైద్యుణ్ణి చూడాలి. కోసిన ముక్కను పాలు ఆగేదాకా నీటితో కడగాలి; గడ్డకట్టిన పాల పొర కోత ముఖం మీద మిగిలిపోతే వేళ్లు రావడానికి అది అడ్డు.

ఇక ఆరబెట్టడం. మామూలు పూల మొక్కల కొమ్మను కోసిన వెంటనే తడి మట్టిలో గుచ్చుతాం, లేకపోతే అది వాడిపోతుంది. సక్యులెంట్లు ఇందుకు భిన్నం. వాటి కండలో నీరు నిలవ ఉంటుంది, పైగా వాటిలో చాలా జాతులు పత్రరంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి కనుక నీటి నష్టం చాలా తక్కువ. వేళ్లు లేకుండా వారాల తరబడి బతకగలగడం వీటికి ప్రకృతి ఇచ్చిన వరం, ఆ వరాన్ని వాడుకోవాలి. గాయం మీదికి గాలి తగిలేలా నీడలో ఉంచితే, పై కణాలు ఎండి, వాటి కింది కణాల గోడల్లో సుబెరిన్ అనే మైనం వంటి పదార్థం చేరి, నెమ్మదిగా బెండు పొర ఏర్పడుతుంది. నీటినీ శిలీంద్రాలనూ అడ్డుకునేది ఈ పొరే. సన్నని కాండాలకు నాలుగు రోజుల నుంచి వారం, దళసరి కాక్టస్ ముక్కలకు రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. క్రెస్టెడ్ ముక్కకు అడుగుతో పాటు పక్క గాయాలు కూడా ఉంటాయి కాబట్టి అన్ని ముఖాలూ గట్టిపడేదాకా ఆగాలి. ముక్కను అంచు పైకి ఉండేలా నిలబెట్టి ఆరబెట్టడం మేలు, పడుకోబెడితే కొన్నాళ్లకు అంచు వెలుగు వైపు వంకర తిరుగుతుంది. తల్లి మొక్క గాయాన్ని కూడా మరచిపోకూడదు. దాని మీద గంధకం పొడి చల్లి, మానేదాకా నీరు తగలకుండా చూడాలి.

పెరిగే అంచులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కాండం గుండా కిందికే ప్రయాణిస్తుంది. కోత దగ్గర దారి తెగిపోవడంతో అది అక్కడ పోగుపడి, నాళాల పక్కనున్న కణాలను అబ్బురపు వేళ్లుగా, అంటే కాండం నుంచే పుట్టే వేళ్లుగా, మారమని ప్రేరేపిస్తుంది. మార్కెట్లో దొరికే వేళ్ల పొడిలో ఉండే ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం కూడా ఈ తరహా పదార్థమే; కొంత తోడ్పడుతుంది గానీ, ఆరోగ్యమైన అంచు ఉన్న ముక్కకు అది తప్పనిసరి కాదు. తప్పనిసరి అయినవి వెచ్చదనం, గాలి, సరైన రుతువు. మొక్క చురుగ్గా పెరిగే కాలం మొదట్లో కోసిన ముక్క త్వరగా వేళ్లూనుతుంది. చాలా కాక్టస్‌లకూ యుఫోర్బియాలకూ అది వెచ్చని కాలం, సుమారు 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్. ఇయోనియమ్‌లు మాత్రం చల్లని కాలంలో పెరిగి ఎండాకాలంలో నిద్రపోతాయి, వాటిని ఆ నిద్రలో కోయడం వృథా ప్రయాస.

మట్టి మిశ్రమంలో సగానికి పైగా ప్యూమిస్, పెర్లైట్, ముతక ఇసుక వంటి రాతి పదార్థాలు ఉండాలి. ముక్కను ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పాతకూడదు. తలబరువు వల్ల వాలిపోయే ముక్కను లోతుగా దించడానికి బదులు, రెండు పక్కలా గులకరాళ్లు పేర్చి నిలబెట్టాలి. మొదట్లో మట్టి పొడిగా లేదా అతి స్వల్ప తేమతో ఉంటే చాలు. వేళ్లు వచ్చాయో లేదోనని ముక్కను లాగి చూస్తే, అప్పుడే పుట్టిన వేళ్లు తెగిపోతాయి. అంచును చూస్తే చాలు: నూగు చారలో కొత్త ముళ్లు రంగుతో మెరవడం, ముడతపడిన తోలు మళ్లీ బిగుసుకోవడం, ఇవి వేళ్లు నీరు తాగుతున్నాయనడానికి తిరుగులేని గుర్తులు. అప్పటి నుంచి నీరు పోసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ పోయాలి. పై నుంచి పోసిన నీరు అంచు మడతల్లో నిలిచి కుళ్లు తెస్తుంది, పిండినల్లి కూడా ఆ మడతల్లోనే దాక్కుంటుంది. మట్టికి మాత్రమే నీరందించడం, నెలకోసారైనా మడతలను భూతద్దంతో పరిశీలించడం అలవాటు చేసుకోవాలి.

వేళ్లు రావడం మరీ ఆలస్యమయ్యే రకాలను అంటు కడతారు. ఇక్కడ క్రెస్టెడ్ ముక్కకు ఒక సౌలభ్యం ఉంది. కింది మొక్క నాళాలు వలయంగా, పై ముక్క నాళాలు గీతగా ఉంటాయి కనుక, గీతను వలయం మీదుగా అడ్డంగా పెడితే రెండు చోట్ల అవి తప్పక కలుస్తాయి. ఆకుజెముడు మీద యుఫోర్బియా లాక్టియా క్రెస్టెడ్ ముక్కను అంటు కట్టిన మొక్కలు ప్రపంచమంతటా ఎంతగా తయారవుతున్నాయంటే, అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం సక్యులెంట్ యుఫోర్బియాలను తన జాబితాలో చేర్చుకున్నా, ఇలా కృత్రిమంగా పెంచి కట్టిన అంటులకు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. అయినా వీలున్న చోట సొంత వేళ్ల మీద పెరిగిన మొక్కనే నేను ఇష్టపడతాను. అంటు మొక్క వేగంగా పెరుగుతుంది, నిజమే. కానీ కింది మొక్క కుళ్లితే పైదీ పోతుంది, కింది కాండం నుంచి లేచే పిలకలు బలాన్ని లాగేస్తాయి. ఆకుపచ్చదనం దాదాపు లేని తెల్లని రకాలకు మాత్రం అంటు తప్ప వేరే ఆధారం ఉండదు, అవి తమ ఆహారాన్ని తాము సరిపడా తయారు చేసుకోలేవు.

వేళ్లూనిన ముక్క మీద ఒకటి రెండేళ్లలో అంచు నుంచో పక్కల నుంచో మామూలు గుండ్రని పిలకలు లేవవచ్చు. గీతలో ఒక భాగం మళ్లీ బిందువుగా సర్దుకున్నప్పుడు ఇలా జరుగుతుంది. బిందువు నుంచి పెరిగే కాండం గీత కన్నా వేగంగా ఎదిగి, నీరూ వెలుగూ తనవైపు తిప్పుకుని, క్రమంగా అంచును అణచివేస్తుంది. కనిపించిన వెంటనే, గోరంత ఉండగానే, దాన్ని మొదలంటా చెక్కి తీసివేయాలి. పైపైన తుంచితే మిగిలిన మొదలు నుంచి మళ్లీ మొలుస్తుంది. కాస్త ఎదిగాక తీసిన పిలకను పారేయనక్కరలేదు. అదే పద్ధతిలో ఆరబెట్టి నాటితే మామూలు రూపంలో ఆరోగ్యంగా పెరుగుతుంది, కొన్నిసార్లు కొన్నేళ్ల తర్వాత దాని కొన కూడా ఉన్నట్టుండి వెడల్పవడం మొదలుపెడుతుంది.