రోలు ఒకటే, దంచేవి వేరు: చేప కొవ్వు, రొమ్ము క్యాన్సర్

"చేపలు తినేవాళ్లకు రొమ్ము క్యాన్సర్ రాదట, నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. రాదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ముప్పు కొంత తగ్గుతుందా అంటే మాత్రం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

చేప కొవ్వులోని ఒమేగా-3 గొప్పతనం ప్యాకెట్ల మీద చదివే ఉంటారు కాబట్టి నేరుగా కణపొర, అంటే కణం చుట్టూ ఉండే పొర దగ్గరికి పోదాం. ఆ పొరలో 20 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు రెండు పక్కపక్కనే ఉంటాయి. నాలుగు ద్విబంధాలున్నది అరకిడోనిక్ ఆమ్లం. మాంసం, గుడ్ల నుంచి నేరుగా వస్తుంది, వంటనూనెల్లోని లినోలీక్ ఆమ్లం నుంచి ఒంట్లోనూ తయారవుతుంది. ఐదు ద్విబంధాలున్నది ఈపీఏ అనే ఒమేగా-3 ఆమ్లం. అది ముఖ్యంగా చేపల నుంచే వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఇవి రెండూ జాబితాలో రెండు పేర్లు మాత్రమే. రెండూ ఒకే ఎంజైము కోసం పోటీపడతాయని చెప్పకుండా పేర్లు బట్టీ పట్టిస్తే పిల్లలకు ఏం ఒరుగుతుంది?

ఆ ఎంజైము పేరు కాక్స్-2. దాన్ని రోలు అనుకోండి. అరకిడోనిక్ ఆమ్లం ఎండు మిరపకాయ, ఈపీఏ ఎండు కొబ్బరి ముక్క. పొర అనే బుట్టలోంచి వీటిని తీసి రోట్లో వేసే చెయ్యి ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే మరో ఎంజైము. మిరపకాయ పడితే చకచకా నలిగి ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే కారం తయారవుతుంది. కొబ్బరి ముక్క పడితే నలగడానికే చాలాసేపు పడుతుంది, తీరా వచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఈ3 చప్పగా ఉంటుంది. అది నలుగుతున్నంతసేపూ రోలు ఖాళీ ఉండదు, మిరపకాయకు చోటు దొరకదు. అంటే లాభం రెండు వైపులా ఉంది. చేప కొవ్వులోని రెండో ఆమ్లం డీహెచ్ఏ అయితే నలగకుండా రోట్లో అడ్డంగా కూర్చుంటుంది.

కారం దంచితే పక్కగదిలో వాళ్లకూ దగ్గు వస్తుంది కదా, ఇక్కడా అంతే. ప్రోస్టాగ్లాండిన్ ఈ2 రొమ్ములో పక్కనున్న కొవ్వు కణజాలానికి చేరి, అక్కడి కణాల్లో కబురు మోసే సైక్లిక్ ఏఎంపీని పెంచి, అరోమటేజ్ జన్యువును మేల్కొలుపుతుంది. అరోమటేజ్ పని పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మార్చడం. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ మానేస్తాయి, అప్పటినుంచి ఆ హార్మోను ప్రధానంగా కొవ్వు కణజాలంలోనే తయారవుతుంది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి పెరిగేవే. డాక్టర్లు రాసే లెట్రోజోల్ మాత్ర ఆపేది ఈ అరోమటేజ్‌నే. చేప కొవ్వుకు ఆ మాత్రంత బలం లేదు, అది ఘాటును కాస్త తగ్గించగలదంతే.

మరి మనుషుల్లో ఏం తేలింది? 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 21 దీర్ఘకాల పరిశీలనలను కలిపి ప్రచురించింది. చేప కొవ్వు ఎక్కువగా అందుతున్న స్త్రీలలో, తక్కువ అందేవారితో పోలిస్తే, రొమ్ము క్యాన్సర్ ముప్పు 14 శాతం తక్కువ. విశేషమేమిటంటే, ఎన్ని చేపలు తిన్నారన్న లెక్కతో స్పష్టమైన సంబంధం కనబడలేదు. చేప కొవ్వు ఎంత అందిందన్న లెక్కతోనే కనబడింది.

పరిశీలన వేరు, ప్రయోగం వేరు. అమెరికాలో వైటల్ అనే ప్రయోగంలో 25,871 మందిని చీటీ వేసినట్టు విడదీసి, సగం మందికి రోజూ 840 మిల్లీగ్రాముల ఈపీఏ, డీహెచ్ఏ ఉన్న గుళిక, సగం మందికి ఉత్త గుళిక ఐదేళ్లకు పైగా ఇచ్చారు. 2019లో ఫలితం వచ్చింది. చేపనూనె గుళిక వేసుకున్నవారిలో 820 మందికి, ఉత్త గుళిక వేసుకున్నవారిలో 797 మందికి ఏదో ఒక క్యాన్సర్. తేడా లేనట్టే. రొమ్ము క్యాన్సర్‌లోనూ నమ్మదగిన తగ్గుదల కనబడలేదు. గుళికలు కొనేవాళ్లు సాధారణంగా నడక, బరువు, పరీక్షల విషయంలోనూ జాగ్రత్తపరులు, అందుకే పరిశీలనల్లో లాభం ఎక్కువగా కనబడి ఉండవచ్చు. ఇంకోవైపు, రొమ్ములో గడ్డ తయారవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, యాభై దాటాక ఐదేళ్ల గుళిక చిన్నప్పటినుంచి తిన్న తిండికి సాటిరాదు. నా మటుకు నేను గుళిక కన్నా చేపవైపే మొగ్గుతాను.

అయితే ఏ చేప? ఈపీఏని చేప పెద్దగా తయారుచేయదు. సముద్రంలోని సూక్ష్మ నాచు తయారుచేస్తే అది చేపలోకి చేరుతుంది. సార్డిన్లు అనే కవళ్లు, కానాగడతలు ఆ నాచుకు దగ్గరగా బతుకుతాయి. కొవ్వు పట్టిన కాలంలో 100 గ్రాముల కవళ్లలో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి గ్రాము నుంచి గ్రామున్నర దాకా ఉంటాయి. చెరువుల్లో తవుడు, నూనెచెక్క మేసి పెరిగిన రోహులో, బొచ్చెలో చాలా తక్కువ. మృగశిర కార్తె నాడు చేప తినాలన్న ఆచారం మంచిదే, కానీ ఆ రోజు ఎగబడి కొనే కొర్రమీనులో కొవ్వే తక్కువ. పైగా కణపొర అనే బుట్టలో సరుకు మారడానికి వారాలు, నెలలు పడుతుంది, ఏడాదికి ఒక్క పూట చాలదు.

వండే తీరులోనే చాలామంది నష్టపోతారు. సన్‌ఫ్లవర్ నూనెలో ముంచి వేయిస్తే చేప తన కొవ్వును మూకుట్లోకి వదిలి, లినోలీక్ ఆమ్లాన్ని పీల్చుకుంటుంది. పులుసు పెడితే కరిగిన కొవ్వు పులుసులోనే తేలుతుంది, అన్నంలో కలుపుకుంటే దక్కుతుంది. తోలు, పొట్ట భాగం పారేయకండి, కొవ్వు ఉండేది అక్కడే. సన్‌ఫ్లవర్ నూనె క్యాన్సర్ తెస్తుందని మాత్రం అర్థం చేసుకోవద్దు, పరిశీలనల్లో అలా తేలలేదు.

గుళిక కొనేవారు వెనకవైపు చదవాలి. ముందు 1000 మి.గ్రా. అని ఉంటే అది నూనె బరువు. మామూలు గుళికలో ఈపీఏ 180, డీహెచ్ఏ 120, మొత్తం 300 మి.గ్రా. మాత్రమే. ఒకటి కోసి వాసన చూడండి. ఈపీఏలో ద్విబంధాల నడుమ ఇరుక్కున్న నాలుగు చోట్ల హైడ్రోజన్‌ను ఆక్సిజన్ ఇట్టే లాగేస్తుంది, మక్కిన వాసన వస్తే ఆ నూనె పాడైనట్టే. కాడ్ లివర్ నూనె వేరు, దాంట్లో విటమిన్ ఏ ఎక్కువ, గర్భిణులు దాని జోలికి పోకూడదు. ఒమేగా-3ని రోజుకు 4 గ్రాముల మోతాదులో ఇచ్చిన ప్రయోగాల్లో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పెరిగింది.

ఇప్పటికే కీమో తీసుకుంటున్నవారికి ఒక్క మాట. చేపనూనెలో 16 కార్బన్లు, నాలుగు ద్విబంధాలున్న మరో కొవ్వు ఆమ్లం కొద్దిగా ఉంటుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు అది ఎలుకల్లో కీమో మందు పనిని అడ్డుకుంటుందని, ఆరోగ్యవంతులు చేపనూనె తాగితే దాని మోతాదు రక్తంలో పెరుగుతుందని చూపించారు. అందుకే అక్కడ కీమోకు ముందు రోజు నుంచి తర్వాతి రోజు దాకా చేపనూనె వద్దంటున్నారు. మీరు వేసుకుంటుంటే ఆ సంగతి మీ డాక్టరుకు ముందే చెప్పండి.