మామ్మ కాఫీ, మామ్మ కిడ్నీలు: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మామ్మకి క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) రక్తంలో పెరిగిందనగానే కాఫీ ఫిల్టరు అటకెక్కించేస్తారు. చలవ చేస్తుందని కొబ్బరి బొండాం కొట్టి చేతికిస్తారు. మన కోనసీమలో చాలా ఇళ్ళలో జరిగేదే ఇది. కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషికి ఈ రెండిట్లో ప్రమాదం ఎక్కువ బొండాంతోనే.

కిడ్నీలు రెండూ కలిసి రక్తంలోంచి రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. దాదాపు అంతా రక్తంలోకి తిరిగి పంపేసి, ఒకటి రెండు లీటర్లే మూత్రంగా వదులుతాయి. ఆ వడపోతని కాస్త అదుపులో పెట్టేది ఒంట్లోనే తయారయ్యే అడినోసిన్ అనే పదార్థం. కాఫీలో కెఫీన్ దాని పనికి అడ్డుపడుతుంది, దాంతో ఉప్పూ నీరూ కొంచెం ఎక్కువగా బయటికి పోతాయి. కాఫీ తాగాక మూత్రానికి లేవడం అందుకే. రోజూ తాగేవాళ్ళకి ఒళ్ళు అలవాటు పడిపోతుంది.

ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళని గమనించిన పరిశోధనల్లో, కాఫీ తాగేవాళ్ళలో కిడ్నీ జబ్బు కాస్త తక్కువగానే కనిపించింది. కాఫీయే కాపాడిందని అంతమాత్రాన అనలేం. బీపీ మొదలైనవాళ్ళ మీద ఇటలీలో చేసి 2023లో ప్రచురించిన పరిశోధనలో, కెఫీన్ నెమ్మదిగా అరిగే జన్యువున్నవాళ్ళు రోజుకి 3 కప్పులు దాటితే, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోయే (అది కిడ్నీ దెబ్బతింటోందనడానికి గుర్తు) ముప్పు రెండున్నర రెట్లు మించింది. ఆ జన్యువు ఎవరికుందో ఇంట్లో తెలీదు కాబట్టి, బీపీ ఉన్న మామ్మకి రెండు కప్పులు చాలు. బీపీ చూడాలంటే కాఫీ తాగి అరగంట దాటాలి. లేకపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు పొటాషియం సంగతి. కిడ్నీ చెడితే ఇది రక్తంలో పేరుకుంటుంది, బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. చిన్న గ్లాసుడు పాల కాఫీలో 150 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. పెద్ద బొండాం నీళ్ళలో 600 దాకా ఉండొచ్చు. రిపోర్టులో పొటాషియం ఎంతుందో చూడకుండా, డాక్టరుని అడక్కుండా బొండాం ఇవ్వకండి.

కాఫీలో అసలు భయపడాల్సింది చక్కెరకి. కప్పుకి రెండు చెంచాలు, రోజుకి నాలుగు కప్పులంటే 30 గ్రాములు దాటిపోతుంది. కిడ్నీలు పాడవడానికి పెద్ద కారణం షుగరు జబ్బే.

ఇంకోటి. నాట్లప్పుడు నడుం నొప్పని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కుని కాఫీతో మింగేస్తారు. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగని ఒంట్లో ఆ మాత్ర కిడ్నీకి రక్తం తగ్గించేస్తుంది. ఆ మాత్రల పట్టీ పారేసి, కాఫీ గ్లాసు మాత్రం ఉండనివ్వండి.