డాంగ్లింగ్ మాడిఫయర్లు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్‌లో రాసిన వ్యాసాలు, రిపోర్టులు దిద్దడం నా పని. స్పెల్లింగ్ తప్పును ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. డాంగ్లింగ్ మాడిఫయర్ (తాను వర్ణించాల్సిన మనిషికి కాకుండా వాక్యంలోని వేరే కర్తకు అతుక్కుపోయే పదబంధం) మాత్రం రాసినవాళ్లకు ఒక పట్టాన దొరకదు. ఏం చెప్పదలచుకున్నారో వాళ్లకు ముందే తెలుసు కాబట్టి ఎన్నిసార్లు చదివినా అంతా బాగున్నట్టే ఉంటుంది.

అపోహ: ఇంగ్లిష్ సరిగా రానివాళ్లే ఈ తప్పు చేస్తారు.

షేక్‌స్పియర్ హామ్లెట్‌లో చనిపోయిన రాజు దెయ్యమై వచ్చి ‘స్లీపింగ్ ఇన్ మై ఆర్చర్డ్, ఎ సర్పెంట్ స్టంగ్ మీ’ అని జనం చెప్పుకుంటున్నారంటాడు. తోటలో నిద్రపోయింది రాజు. వాక్యం ప్రకారం చూస్తే పాము! కాబట్టి ఇది చదువుకు సంబంధించిన విషయం కాదు.

పైగా మనకు ఇంకో ఇబ్బంది ఉంది. ‘ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది’ అన్నది చక్కని తెలుగు. వచ్చింది ఏడుపే అయినా, చదివింది ఎవరో ‘నాకు’ అన్న మాట చెప్పేస్తుంది. ‘వాన పడి చెరువు నిండింది’లోనైతే పడింది ఒకటి, నిండింది ఇంకొకటి, అయినా తప్పు లేదు. ఇంగ్లిష్‌లో ఈ వెసులుబాటు లేదు. ‘రీడింగ్ ద లెటర్, టియర్స్ కేమ్ టు మై ఐస్’ అంటే ఉత్తరం చదివింది కన్నీళ్లు అవుతాయి. ‘యాజ్ ఐ రెడ్ ద లెటర్, టియర్స్ కేమ్ టు మై ఐస్’ అనాలి. మనవాళ్ల రాతల్లో ఈ రకం ఎక్కువగా కనిపించడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. తెలుగులో సరైన వాక్యమే మనసులో ఉంటుంది, అదే అచ్చంగా ఇంగ్లిష్‌లోకి దిగుతుంది.

అపోహ: ‘ఇంగ్’ రూపంతో వాక్యం మొదలుపెడితే తప్పు.

కాదు. ‘వాకింగ్ హోమ్, ఐ మెట్ హర్’ నిక్షేపంగా ఉంది. ‘కన్సిడరింగ్’, ‘రిగార్డింగ్’ లాంటివి ఇప్పుడు విభక్తుల్లా వాడుకలో స్థిరపడిపోయాయి, వాటికి కర్త అక్కర్లేదు. ‘వెదర్ పర్మిటింగ్’ తన కర్తను తనతోనే తెచ్చుకుంటుంది. ఇక తప్పు దొర్లడానికి ‘ఇంగ్’ ఉండాలనీ లేదు. ‘యాజ్ ఎ చైల్డ్, మై ఫాదర్ టాట్ మీ చెస్’లో చిన్నపిల్లాడు ఎవరు? వాక్యం నాన్న అంటోంది.

అపోహ: ఆ పదబంధాన్ని ఇంకో చోటికి జరిపితే సరిపోతుంది.

జరిపితే సరిపోయేది మిస్‌ప్లేస్డ్ మాడిఫయర్. అక్కడ పని చేసినవాళ్లు వాక్యంలోనే ఉంటారు, దూరంగా ఉంటారంతే. డాంగ్లింగ్‌లో ఆ మనిషి కర్త స్థానంలో ఉండడు, చాలాసార్లు వాక్యంలోనే ఉండడు. ‘ఆఫ్టర్ ఫినిషింగ్ ద రిపోర్ట్, ద కంప్యూటర్ వాజ్ షట్ డౌన్’ తీసుకోండి. మొదటి ముక్కను చివరికి తోసినా రిపోర్టు పూర్తి చేసింది కంప్యూటరే అవుతుంది. దిద్దడానికి రెండు దారులున్నాయి. కామా తర్వాత మనిషిని పెట్టాలి: ‘ఆఫ్టర్ ఫినిషింగ్ ద రిపోర్ట్, షీ షట్ డౌన్ ద కంప్యూటర్’. లేదా మొదటి ముక్కకే కర్తను ఇవ్వాలి: ‘ఆఫ్టర్ షీ ఫినిష్‌డ్ ద రిపోర్ట్...’. మొదటిదాంట్లో పాసివ్ వాయిస్ కూడా పోతుంది కాబట్టి నాకు అదే ఇష్టం.

‘మై’, ‘హిజ్’ ఉంటే చాలనుకోవద్దు. ‘వాకింగ్ ఇంటు ద రూమ్, మై ఫోన్ ర్యాంగ్’లో నడిచింది ఇంకా ఫోనే.

అపోహ: అర్థమైతే చాలు, ఇంత పట్టింపు ఎందుకు?

చాలాచోట్ల అర్థమవుతుంది, నిజమే. అర్థమైందనుకుని పొరబడే చోటే నా భయమంతా. ఈ వాక్యం చూడండి: ‘హావింగ్ రిఫ్యూజ్‌డ్ ఫర్దర్ ట్రీట్‌మెంట్, ద డాక్టర్ డిశ్చార్జ్‌డ్ ద పేషెంట్’. వైద్యం వద్దన్నది పేషెంటా, చేయనన్నది డాక్టరా? వ్యాకరణం డాక్టర్ని చూపిస్తుంది, ఆ అర్థమూ నమ్మేటట్టే ఉంది. రేపు గొడవైతే ఈ ఒక్క వాక్యం మీదే వాదన నడవొచ్చు. వద్దన్నది పేషెంటే అయితే ‘బికాజ్ ద పేషెంట్ హాడ్ రిఫ్యూజ్‌డ్ ఫర్దర్ ట్రీట్‌మెంట్, ద డాక్టర్ డిశ్చార్జ్‌డ్ హిమ్’ అని రాయాలి.