కార్టర్ రోడ్డు నుంచి కర్నూలు దాకా: తాగి నడిపినవాడి కేసు ఏ సెక్షన్‌లో పడుతుంది?

తాగి బండి నడిపేవాళ్లు ఉగ్రవాదులేనని హైదరాబాద్ పోలీస్ కమిషనర్ వి.సి. సజ్జనార్ అన్నది 2025 అక్టోబర్‌లో. తాగినవాడి కారు ఎక్కడ ఎవరిని గుద్దినా ఆ మాట మళ్లీ పైకి వస్తోంది. రెండు బీర్లు తాగి ఇంటికి పోయే ఉద్యోగిని, బాంబు పెట్టేవాణ్ని ఒకే గాటన కడతారా అని ఒక పక్క. పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ తేడా చెప్పి రండి అని ఇంకో పక్క.

ఆ మాట ఊరికే రాలేదు. రెండు రోజుల ముందు, అక్టోబర్ 24 తెల్లవారుజామున, కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బెంగళూరు వెళ్తున్న ప్రైవేట్ బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. పోలీసులు చెప్పిన ప్రకారం, ఇద్దరు యువకులు బైక్ మీద వస్తూ డివైడర్‌ను గుద్దుకుని పడ్డారు. నడుపుతున్నవాడు అక్కడికక్కడే పోయాడు. రోడ్డు మధ్యలో పడి ఉన్న బైక్ మీదికి బస్సు ఎక్కి, దాన్ని ఈడ్చుకుపోయింది. మంటలు అక్కడ మొదలయ్యాయి. బైక్ నడిపినవాడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

ఉగ్రవాది అన్న పదం టీవీ చర్చలకు బాగా పనికొచ్చింది. కోర్టులో దానికి పని లేదు. అక్కడ ఆడేవి రెండు నంబర్లు. భారతీయ న్యాయ సంహితలో 106(1) అంటే నిర్లక్ష్యం వల్ల మరణం: గరిష్ఠంగా ఐదేళ్లు, బెయిలబుల్. 105 అంటే హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య: చంపాలన్న ఉద్దేశం లేకపోయినా, ప్రాణం పోవచ్చని తెలిసీ చేశాడని రుజువైతే పదేళ్ల దాకా, నాన్ బెయిలబుల్. 2024 జులై 1కి ముందు, పాత శిక్షాస్మృతి ఐపీసీలో, వీటినే 304ఎ, 304 పార్ట్ 2 అనేవారు. అప్పట్లో 304ఎకి రెండేళ్లే గరిష్ఠం. కారు నడిపినవాడి వైపు నుంచి చూస్తే తేడా ఇంకా సులువుగా అర్థమవుతుంది. మొదటిదైతే స్టేషన్‌లోనే ష్యూరిటీ ఇచ్చి ఇంటికి. రెండోదైతే రిమాండ్.

తాగి చంపినవాడి మీద ఈరోజు ఒక ఎస్సై ధైర్యంగా రెండో నంబర్ రాస్తున్నాడంటే, దాని మూలం ముంబై బాంద్రాలోని కార్టర్ రోడ్డులో ఉంది.

2006 నవంబర్ 12, తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. రోడ్డు రిపేరు పనికి వచ్చిన కూలీలు పని చేసే చోటే పేవ్‌మెంట్ మీద పడుకుని ఉన్నారు. అలిస్టర్ ఆంథొనీ పెరీరా అనే యువకుడి కారు వాళ్ల మీదికి ఎక్కింది. ఏడుగురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. అతని రక్తంలో మద్యం 0.112 శాతం, అంటే 100 మిల్లీలీటర్లకు 112 మిల్లీగ్రాములు. చట్టం ఒప్పుకునేది 30.

2007 ఏప్రిల్‌లో ట్రయల్ కోర్టు దాన్ని నిర్లక్ష్యం కేసుగానే చూసింది. ఆరు నెలల జైలు, ఐదు లక్షల జరిమానా. ఏడు ప్రాణాలకు ఆరు నెలలు! గగ్గోలు పుట్టింది. బాంబే హైకోర్టు తనంతట తానే కేసు చేతిలోకి తీసుకుని, అదే ఏడాది సెప్టెంబర్‌లో 304 పార్ట్ 2 కింద మూడేళ్లు వేసింది. డిఫెన్స్ వాదన తీసిపారేయదగ్గది కాదు. ఒకే పని నిర్లక్ష్యమూ, తెలిసీ చేసిందీ రెండూ ఎలా అవుతుంది, ఒకదానికొకటి పొసగని ఆరోపణలు కలిపి ఎలా మోపుతారని అడిగారు. 2012 జనవరి 12న సుప్రీంకోర్టు దానికి జవాబు చెప్పింది. తాగి, వేగంగా కారు నడుపుతున్నవాడికి, పేవ్‌మెంట్ మీద నిద్రపోయేవాళ్లు దాని కింద పడొచ్చని తెలుసు. ఆ తెలివిడి ఉంటే చాలు, ఉద్దేశం అక్కర్లేదు. మూడేళ్లు చాలా తక్కువని కూడా అంది, కానీ పెంచమని ప్రభుత్వం అప్పీలు చేయలేదు కాబట్టి అక్కడితో ఆగింది.

‘తెలుసు’ అన్న ఆ ఒక్క మాటే మొత్తం మార్చేసిందని నా లెక్క. అంతకుముందు తాగుడు ట్రాఫిక్ చట్టం గొడవ, చావు ఐపీసీ గొడవ, దేని దారి దానిదే. కార్టర్ రోడ్డు తీర్పుతో రక్తంలోని అంకె, నేరం ఎంత పెద్దదో చెప్పే సాక్ష్యంగా మారింది.

ఆ 2012లోనే, ఆగస్టులో, 1999 నాటి ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులోనూ సుప్రీంకోర్టు 304 పార్ట్ 2నే నిలబెట్టింది. ఆ కారు కింద ముగ్గురు పోలీసులతో సహా ఆరుగురు చనిపోయారు. అయితే అప్పటికే గడిపిన జైలు చాలంది, పైన 50 లక్షలు కట్టమని, రెండేళ్లు సమాజసేవ చేయమని చెప్పింది. సెక్షన్ పెద్దదైనంత మాత్రాన జైలు పెద్దది కావాలని లేదు.

ఇంతకీ ఆ 30 ఎక్కడి నుంచి వచ్చింది? 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 మొదట్లో చాలా కటువుగా ఉండేది: రక్తంలో మద్యం ఎంత కొంచెం ఉన్నా నేరమే. 1994లో సవరించి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితేనే అన్నారు, అదీ బ్రీత్ అనలైజర్ పరీక్షలో తేలితేనే. ల్యాబ్ పరీక్ష కూడా చెల్లుతుందన్న మాట చట్టంలో చేరింది 2019 సవరణతోనే. అంటే పాతికేళ్ల పాటు ఆ సెక్షన్ ఒక మిషన్ మీద ఆధారపడి నడిచింది.

ఆ మిషన్‌ను చూడనివాళ్లు మన నగరాల్లో ఇప్పుడు తక్కువ. రాత్రి పదిన్నర, బారికేడ్లు, కారు అద్దం దించగానే ముఖం మీద టార్చి. కవర్ చింపి కొత్త పైపు తగిలించి కానిస్టేబుల్ ముందుకు పెడతాడు. ‘ఊదండి. గట్టిగా. ఇంకా, ఇంకా.’ బీప్ వస్తుంది. 29 అయితే వెళ్లిపోవచ్చు, 31 అయితే దిగాలి. దిగినవాడి కథ అందరికీ తెలిసిందే: హైదరాబాద్‌లో అయితే గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఇంటివాళ్లను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్, తర్వాత కోర్టు. ఆన్‌లైన్‌లో చలాన్ కట్టి వదిలించుకునే కేసు కాదిది. 2019 సెప్టెంబర్ 1 నుంచి జరిమానా రెండు వేల నుంచి పది వేలకు పెరిగింది, ఆరు నెలల దాకా జైలు ఎలాగూ ఉంది. రెండోసారి దొరికితే పదిహేను వేలు, రెండేళ్ల దాకా. దోషి అని తేలితే లైసెన్స్ కనీసం ఆరు నెలలు చేతిలో ఉండకూడదని చట్టమే చెబుతోంది.

ఎవరికీ ఏమీ కాకపోతే ఇంతే. ఎవరైనా చనిపోతే మాత్రం ఆ అంకె కోసం పరుగు మొదలవుతుంది. రక్తంలో మద్యం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతూ పోతుంది. రాత్రి రెండింటికి 90 ఉన్నవాడు ఉదయం ఆరింటికల్లా 30కి దిగొచ్చేస్తాడు. గుద్ది పారిపోయినవాడు మర్నాడు మధ్యాహ్నం లాయర్‌తో కలిసి ఇస్త్రీ చొక్కాలో లొంగిపోవడం ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. దీనికి విరుగుడుగానే కొత్త చట్టంలో 106(2) పెట్టారు: ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోతే పదేళ్లు. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు, హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు రోడ్లు నిండిపోయాయి, కేంద్రం వెనక్కి తగ్గి ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది. డ్రైవర్ల భయంలో న్యాయం లేకపోలేదు. ఆగితే జనం కొడతారన్నది వాళ్లు ఊహించుకున్నది కాదు. కానీ ఆ సెక్షన్ పక్కకు పోవడం వల్ల ఎక్కువ లాభపడింది లారీవాళ్లేనా అన్నది నాకు అనుమానమే.

రక్తం దొరికినా కథ అయిపోదు. 2002 సెప్టెంబర్‌లో బాంద్రాలో ఒకరి ప్రాణం తీసిన కేసులో నటుడు సల్మాన్ ఖాన్‌కు 2015 మేలో సెషన్స్ కోర్టు ఐదేళ్లు వేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. రక్తం నమూనా తీసిన, పంపిన తీరు మీదే సందేహాలు వచ్చాయి. ఇక 2024 మే 19న పుణె కల్యాణి నగర్‌లో పోర్షే కారు ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణం తీసింది. నడిపినవాడు పదిహేడేళ్ల కుర్రాడు. 300 పదాల వ్యాసం రాయమని బెయిల్ ఇచ్చిన సంగతి దేశమంతా చెప్పుకుంది. నా దృష్టిలో అంతకంటే పెద్ద విషయం, ప్రభుత్వ ఆసుపత్రిలో అతని రక్తం బదులు వేరే రక్తం పెట్టారన్న ఆరోపణ మీద డాక్టర్లే అరెస్టు కావడం. పది వేల జరిమానా తప్పించుకోవడానికి ఎవరూ రక్తం మార్చరు.

మన దగ్గర 304 పార్ట్ 2 గట్టిగా వినిపించింది 2016 జులై 1 తర్వాత. పంజాగుట్టలో పట్టపగలు తాగి నడిపిన ఇంజనీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ దాటి అవతలి కారు మీద పడింది. బడి నుంచి వస్తున్న తొమ్మిదేళ్ల పాప, ఆమె బాబాయి, తాత ఆ నెలలోనే ఒకరి తర్వాత ఒకరు పోయారు. మందు కొనేవాడికి 21 ఏళ్లు నిండాలన్న నిబంధన ఒకటుందని చాలామందికి ఆ వారమే తెలిసింది.

డబ్బు సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నిజానికి కారున్నవాళ్లు భయపడాల్సింది అక్కడ. క్రిమినల్ కోర్టుకు 30 అన్న అంకె కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి అదీ అక్కర్లేదు. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర బోల్తాపడి కాలిపోయిన ఒక కారు కేసులో, బ్రీత్ పరీక్షే జరగకపోయినా మత్తులో నడిపాడని పరిస్థితులను బట్టి తేలితే కారు డ్యామేజీ క్లెయిమ్ ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. అవతలివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం విషయంలోనూ, తాగి నడపడాన్ని కంపెనీ తన రక్షణగా చూపుకునే వీలు చట్టంలోకి వచ్చింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బాధితులకు ముందు కంపెనీ చేతే ఇప్పించి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పడం పాత అలవాటు. వసూలంటే జీతం, ప్లాటు, ఇల్లు.

వాహనదారుల వైపు కూడా ఫిర్యాదు ఉంది, హైకోర్టు దాన్ని విన్నది కూడా. తాగి దొరికితే బండి పట్టుకెళ్లి రోజుల తరబడి స్టేషన్‌లో పెట్టుకునే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో తేల్చింది. పక్కన లైసెన్స్ ఉన్న, తాగనివాళ్లుంటే వాళ్లకు ఇవ్వాలి. లేకపోతే ఇంటివాళ్లను పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే తాత్కాలికంగా ఉంచుకోవాలి. ఆ ఫోన్లు ఎక్కువగా రాత్రి పన్నెండు దాటాకే వెళ్తాయి. నాన్న స్కూటర్ మీద వస్తాడు, లుంగీ మీద చొక్కా తగిలించుకుని, లైసెన్స్ జిరాక్స్ చేత్తో పట్టుకుని. ఆయన్నీ ఊదమంటారు. సున్నా వస్తుంది. కొడుకు చేతిలోని తాళాలు తీసుకుని, స్కూటర్‌ను అక్కడే కానిస్టేబుల్‌కి చెప్పి, కారు తోలుకుపోతాడు.