సుస్థిరత జ్ఞానాన్ని ప్రామాణిక పరీక్షతో కొలవడం: అపోహలు - వాస్తవాలు

సుస్థిరత అంటే రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడం. విశ్వవిద్యాలయ విద్యార్థులకు దాని గురించి ఎంత తెలుసో కొలిచే ప్రశ్నలు రాయడం, వచ్చిన జవాబులను విశ్లేషించడం కొన్నేళ్లుగా నా పని. ప్రతి విద్యా సంవత్సరం మొదట్లో అధ్యాపకులు నన్ను దాదాపు అవే సందేహాలు అడుగుతారు. పరీక్షను అతిగా నమ్మేవారివి కొన్ని, అసలు నమ్మనివారివి కొన్ని. ఇద్దరి నిర్ణయాలూ చివరికి విద్యార్థి చదివే పాఠం మీదే పడతాయి కాబట్టి ఈ అపోహలను ఊరికే వదిలేయలేను.

అపోహ: ఈ పరీక్షలకు పునాది లేదు, ఎవరికి తోచిన ప్రశ్నలు వారు అడుగుతారు.

వాస్తవం: 2012లో జరిగిన ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి సదస్సు రియో+20 సందర్భంగా ఉన్నత విద్యాసంస్థలు సుస్థిరతను బోధనలో భాగం చేస్తామని ఉమ్మడిగా మాట ఇచ్చాయి. మరి ఆ బోధన విద్యార్థులకు చేరిందో లేదో తెలుసుకునేది ఎలా అన్న ప్రశ్న నుంచే 'సులిటెస్ట్' అనే పరీక్ష, దాన్ని నడిపే సంస్థ పుట్టాయి. అదే సంస్థ 2023లో 'టాస్క్' అనే ధ్రువపత్ర పరీక్షను తెచ్చింది. వీటితో సంబంధం లేకుండా అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పర్యావరణ, ఆర్థిక, సామాజిక రంగాలు మూడింటినీ కలిపి 16 ప్రశ్నల పరీక్ష ఒకటి రూపొందించారు. ఆ 16 ఎలా మిగిలాయన్నదే ఇక్కడ గమనించాల్సిన విషయం. ముందు అంతకన్నా ఎక్కువ ప్రశ్నలు రాసి, విద్యార్థుల చేత జవాబులు రాయించి, తెలిసినవారికీ తెలియనివారికీ తేడా చూపలేని ప్రశ్నలను గణితం సాయంతో తీసేశారు. ప్రశ్న బాగుందని రాసినవారికి అనిపిస్తే చాలదు, జవాబుల లెక్క కూడా ఆ మాటే చెప్పాలి.

అపోహ: నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న జ్ఞాపకశక్తిని మాత్రమే కొలుస్తుంది.

వాస్తవం: సరిగా రాయని ప్రశ్న అయితే అంతే. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ప్రతి పది లక్షల భాగాలకు ఎన్ని ఉండేదని అడిగితే, 280 అన్న అంకె గుర్తున్నవారు నెగ్గుతారు. ఆ అంకె గుర్తులేనంత మాత్రాన విద్యార్థికి వాతావరణం అర్థం కాలేదని నేను అనుకోను.

ఇప్పుడు ఇంకో ప్రశ్న చూడండి. ప్రపంచం ఏటా విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ ఇకపై పెరగకుండా, ఇప్పుడున్న స్థాయిలోనే ఏళ్ల తరబడి కొనసాగితే, గాలిలో దాని సాంద్రత ఏమవుతుంది? తగ్గుతుందా, ఇప్పుడున్నచోటే ఆగుతుందా, పెరుగుతూనే ఉంటుందా? చాలామంది 'ఆగుతుంది' అంటారు. నీటి తొట్టిని తలచుకుంటే ఆ జవాబు ఎందుకు తప్పో తెలుస్తుంది. తొట్టిలోకి వచ్చే ధార, తూము గుండా పోయే ధార కన్నా పెద్దదిగా ఉన్నంతకాలం నీటిమట్టం పెరుగుతూనే ఉంటుంది. వచ్చే ధార పెరగకపోయినా సరే. మనుషులు విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు సగాన్నే నేల, సముద్రం పీల్చుకుంటున్నాయి. అమెరికాలోని ఎంఐటీలో జాన్ స్టెర్మన్, లిండా బూత్ స్వీనీ ఈ రకం ప్రశ్నలను తమ స్నాతకోత్తర విద్యార్థులకు ఇచ్చి 2007లో ఫలితాలు ప్రచురించారు. గణితంలో, శాస్త్రంలో గట్టి శిక్షణ ఉన్నవారు కూడా పెద్ద సంఖ్యలో తప్పుదారి పట్టారు. ఈ ప్రశ్నకు జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఒక వాక్యంగా కంఠస్థం చేయడానికి దొరకదు. ఆలోచించి తీరాలి. ఐచ్ఛికాలు మూడే అయినా అది కొలిచేది అవగాహననే.

అపోహ: ప్రశ్నలో సరైన జవాబే ముఖ్యం, మిగిలినవి ఖాళీ నింపడానికి రాసేవి.

వాస్తవం: నా అనుభవంలో సుస్థిరత పరీక్షకు ప్రాణం తప్పు ఐచ్ఛికాల్లోనే ఉంటుంది. ఒక్క ఉదాహరణతో చెబుతాను. 'ఇప్పటి భూతాపానికి ప్రధాన కారణం ఏది?' అన్న ప్రశ్నకు ఇచ్చే తప్పు ఐచ్ఛికాల్లో ఓజోన్ పొరకు పడిన రంధ్రం ఒకటి. రెండు తరగతుల్లో ఈ ప్రశ్నకు సరైన జవాబు రాసినవారు సమానంగా ఉన్నారనుకుందాం. మొదటి తరగతిలో తప్పు రాసినవారు మూడు తప్పు ఐచ్ఛికాల మీదా సమానంగా చెదిరిపోయారు. రెండో తరగతిలో తప్పు రాసినవారంతా ఓజోన్ దగ్గరే గుమిగూడారు. మార్కుల పట్టికలో ఈ రెండు తరగతులకూ తేడా కనిపించదు. కానీ మొదటి తరగతికి విషయం తెలియదు, రెండో తరగతికి విషయం తప్పుగా తెలుసు. తెలియనివారికి పాఠం చెబితే చాలు. తప్పుగా తెలిసినవారికి ముందు ఆ పాత నమ్మకాన్ని బయటికి తీసి, ఓజోన్ సమస్య వేరు, భూతాపం వేరు అని విడదీసి చూపాలి. ఓజోన్ పొరను దెబ్బతీసే రసాయనాలను అరికట్టిన 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఏ సమస్యకు పరిష్కారమో, దేనికి కాదో చెప్పాలి. అందుకే మార్కుల సగటు ఒక్కటి చేతిలో పెట్టి వెళ్లిపోయే నివేదికను నేను ఒప్పుకోను. ప్రతి ప్రశ్నకూ ఏ ఐచ్ఛికాన్ని ఎంతమంది ఎంచుకున్నారో అధ్యాపకుడి చేతికి రావాలి.

ఇదే అంశం మీద నేనూ ఒక తప్పు చేశాను. హరితగృహ వాయువు కానిది ఏదని అడుగుతూ, నేను అనుకున్న జవాబుతో పాటు, ఓజోన్ పొరను దెబ్బతీసే క్లోరోఫ్లోరోకార్బన్లను కూడా ఒక ఐచ్ఛికంగా వాడాను. ఓజోన్‌నూ భూతాపాన్నీ కలగలిపేవారిని పట్టుకోవాలన్నది నా ఉద్దేశం. కానీ ఐచ్ఛికాల అమరిక సరిగా లేక రెండు అర్థాలకు తావిచ్చింది. నిజానికి క్లోరోఫ్లోరోకార్బన్లు బలమైన హరితగృహ వాయువులు. లెక్క తీసేసరికి మొత్తం మీద మంచి మార్కులు వచ్చినవారే ఆ ప్రశ్న దగ్గర ఎక్కువగా తడబడ్డారని తేలింది. మా భాషలో విచక్షణా సూచి రుణాత్మకం అయింది. ఎక్కువ తెలిసినవారిని శిక్షించే ప్రశ్న పరీక్షలో ఉండటానికి వీల్లేదు. ఆ రోజే తీసేశాం.

సుస్థిరతకే ప్రత్యేకమైన లోపం ఇంకొకటి ఉంది. చాలా ప్రశ్నపత్రాల్లో సరైన జవాబు వినడానికి మంచిగా ఉంటుంది, తప్పు జవాబులు స్వార్థంగా వినిపిస్తాయి. అప్పుడు విషయం తెలియకపోయినా, 'మంచివారు ఏమంటారు?' అని తమను తాము ప్రశ్నించుకుని మార్కులు తెచ్చుకోవచ్చు. దీన్ని అడ్డుకోవాలంటే తప్పు ఐచ్ఛికాలు కూడా పర్యావరణానికి మేలు చేసేవిగా కనిపించాలి. ఆహారం వల్ల కలిగే ఉద్గారాలను ఎక్కువగా తగ్గించేది ఏదని అడిగి, 'దగ్గర్లో పండినదే కొనడం' అన్నది ఒక ఐచ్ఛికంగా పెట్టండి. మంచి మాటే. కానీ చాలా ఆహార పదార్థాల ఉద్గారాల్లో రవాణా వాటా చిన్నది. ఏ ఆహారం తింటున్నామన్నదే పెద్ద తేడా తెస్తుంది. ఇక్కడ సదుద్దేశం ఒక్కటే గట్టెక్కించదు.

అపోహ: మార్కులు ఎక్కువ వచ్చినవారు సుస్థిరంగా జీవిస్తారు.

వాస్తవం: పరీక్ష ఆ మాట చెప్పదు, చెప్పజాలదు. తెలుసుకోవడానికీ ఆచరించడానికీ మధ్య ఉన్న దూరం పరిశోధకులు దశాబ్దాలుగా చూస్తున్నదే. అలవాటు, ఖర్చు, సౌకర్యం, చుట్టూ ఉన్నవారి ప్రవర్తన, అన్నీ మధ్యలో నిలబడతాయి. విశ్వవిద్యాలయాల సుస్థిరత కృషిని అంచనా వేసే 'స్టార్స్' విధానం కూడా జ్ఞానాన్ని కొలిచే పరీక్షను ఒక అంశంగా, విలువలనూ ప్రవర్తననూ కొలిచే సర్వేను మరో అంశంగా విడదీసింది. ఐరోపా సమాఖ్య 2022లో విడుదల చేసిన 'గ్రీన్‌కాంప్' చట్రంలో 12 సామర్థ్యాలు ఉన్నాయి. భవిష్యత్తును ఊహించడం, కలిసి పనిచేయడం వంటివి ప్రశ్నపత్రంతో తేలేవి కావు. వాటికి ప్రాజెక్టులు, పరిశీలన, సంభాషణ కావాలి. ఈ కారణంగా పరీక్షే వద్దనడం నాకు సమ్మతం కాదు. తప్పుడు అవగాహనతో ఉత్సాహంగా పనిచేసేవారి వల్ల కూడా నష్టం ఉంటుంది.

అపోహ: పరీక్ష ఎందుకు, మీకు ఎంత తెలుసని విద్యార్థులనే అడిగితే సరిపోతుంది.

వాస్తవం: అలా అడిగితే తెలిసేది వారి ఆత్మవిశ్వాసం. కోర్సు మొదట్లో 'బాగా తెలుసు' అన్న విద్యార్థి, విషయం ఎంత లోతైనదో అర్థమయ్యాక చివర్లో 'కొంచెం తెలుసు' అనవచ్చు. నిజంగా నేర్చుకున్నందువల్లే అతని అంచనా తగ్గింది. కాగితం మీద మాత్రం కోర్సు విఫలమైనట్టు కనిపిస్తుంది.

అపోహ: 20కి 13 వచ్చిన విద్యార్థికి 11 వచ్చిన విద్యార్థి కన్నా ఎక్కువ తెలుసు.

వాస్తవం: అంత చిన్న పరీక్షలో ఈ తేడాకు అర్థం లేదు. నాలుగేసి ఐచ్ఛికాలున్న 20 ప్రశ్నలకు కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా సగటున 5 వస్తాయి. మధ్యస్థాయి విద్యార్థి మార్కు అదృష్టవశాత్తు రెండు ప్రశ్నలు అటూ ఇటూ కావడం మామూలే. అదే 400 మంది సగటు తీసుకుంటే ఈ ఊగిసలాట చాలావరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. కాబట్టి చిన్న పరీక్ష ఒక బృందం గురించి, ఒక పాఠ్యప్రణాళిక గురించి గట్టిగా మాట్లాడగలదు, ఒక మనిషి గురించి మాత్రం కాదు. ఇలాంటి పరీక్ష ఆధారంగా ఒక విద్యార్థిని ఉత్తీర్ణుడిగానో, కాదనో తేల్చాలని అడిగినప్పుడల్లా నేను ఒప్పుకోలేదు. అందుకు ప్రశ్నల సంఖ్య ఎన్నో రెట్లు పెరగాలి.

అపోహ: ఒకసారి ప్రమాణీకరించిన ప్రశ్న ఎప్పటికీ పనికొస్తుంది.

వాస్తవం: భూమి మనకు సురక్షితంగా ఉండాలంటే దాటకూడదని శాస్త్రవేత్తలు గీసిన తొమ్మిది హద్దులను గ్రహ పరిమితులు అంటారు. వాటిలో మానవజాతి ఎన్నింటిని దాటింది? 2009 నాటి పరిశోధన ప్రకారం మూడు. 2015లో నాలుగు. 2023లో ఆరు. ప్రశ్న అదే, జవాబు మారింది. పాత జవాబు పట్టికతో దిద్దితే తాజా సమాచారం చదివిన విద్యార్థికి సున్నా పడుతుంది. ప్రతి ప్రశ్నకూ సమీక్ష తేదీ రాసిపెట్టుకోవాలి.

అపోహ: సుస్థిరత పరీక్ష అంటే పర్యావరణ పరీక్ష.

వాస్తవం: కాదు. పేదరికం, అసమానత, ఆరోగ్యం, శ్రమ, పాలన లేకుండా ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు లేవు. ఆచరణలో మాత్రం పర్యావరణ ప్రశ్నలు రాయడం తేలిక కాబట్టి పత్రం అటే ఒరుగుతుంది. సామాజిక రంగానికి మూడు ప్రశ్నలు పెట్టి, ఆ రంగంలో విద్యార్థులు బలహీనులని ప్రకటించే నివేదికలు నేను చూశాను. మూడు ప్రశ్నలతో ఆ మాట అనకూడదు.

అపోహ: ప్రశ్నపత్రం ఒకటే కాబట్టి ఏ దేశ విద్యార్థులనైనా నేరుగా పోల్చవచ్చు.

వాస్తవం: అనువాదంలో ఒక మాట కష్టమైతే చాలు, ప్రశ్న ఒక భాష వారికి బరువవుతుంది. దీన్ని గుర్తించే పద్ధతి ఉంది: మొత్తం మార్కులు సమానంగా ఉన్న రెండు భాషల విద్యార్థులను తీసుకుని, ఫలానా ప్రశ్న దగ్గర మాత్రమే వారి మధ్య తేడా వస్తోందా అని చూస్తాం. వస్తే లోపం విద్యార్థుల్లో లేదు, ప్రశ్నలో ఉంది. ఈ పరిశీలన చేయకుండా దేశాల జాబితా వేయడం విద్యార్థులకు అన్యాయం.

అపోహ: కోర్సుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష పెడితే, పెరిగిన మార్కులన్నీ కోర్సు చలవే.

వాస్తవం: నా పనిలో ఎక్కువ భాగం ఈ నమ్మకాన్ని సరిదిద్దడంలోనే గడుస్తుంది. మొదటి పరీక్ష రాసిన 300 మందిలో రెండోది 120 మందే రాస్తే, మిగిలినవారు ఎవరు? సాధారణంగా ఆసక్తి తక్కువ ఉన్నవారు. పాఠం చెప్పకపోయినా సగటు పెరిగి ఉండేది. కాబట్టి రెండూ రాసినవారినే ఒకరితో ఒకరిని కాకుండా, ఎవరిని వారితోనే పోల్చాలి. ఆ ప్రశ్నలే మళ్లీ ఇస్తే కొందరు జవాబులు గుర్తుపెట్టుకుంటారు. రెండు వేర్వేరు ప్రశ్నపత్రాలు తయారుచేసి, రెండింటిలోనూ కొన్ని ఉమ్మడి ప్రశ్నలు ఉంచి, వాటి ఆధారంగా కొలమానాన్ని సరిచూడటం మేలు. ఈ కోర్సు చదవని విద్యార్థులు కొందరు అదే సమయంలో రెండు పరీక్షలూ రాస్తే ఇంకా మంచిది. ఆ ఏడు వార్తల్లో వాతావరణం గురించి ఎక్కువ చర్చ జరిగిందేమో, ఆ పెరుగుదల అందరిలోనూ ఉందేమో అప్పుడు తెలుస్తుంది.

శ్రద్ధ కూడా లెక్కలోకి రావాలి. మార్కులు కలవని పరీక్షను, సెమిస్టర్ చివర్లో అలసిపోయిన విద్యార్థి త్వరగా ముగించాలని చూస్తాడు. కంప్యూటర్ మీద పెట్టే పరీక్ష ప్రతి ప్రశ్న మీద గడిపిన సెకన్లను నమోదు చేస్తుంది. నాలుగు వరుసల ప్రశ్నకు మూడు సెకన్లలో జవాబు పడితే అతను దాన్ని చదవలేదు. అలాంటి జవాబులను విడిగా తీసి చూడకపోతే, బాగా నేర్పిన అధ్యాపకుడి కోర్సు కూడా వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. అలా ఒక మంచి కోర్సును ఎత్తివేసే చర్చ దాకా వెళ్లడం నేను చూశాను. సెకన్ల లెక్క బల్ల మీద పెట్టాకే ఆ చర్చ ఆగింది.

అన్నీ సరిచూసుకున్నాక కూడా కొన్ని ప్రశ్నలు కదలవు. నీటి తొట్టి ప్రశ్న అలాంటిది. ఒక కోర్సులో మిగిలిన అన్ని ప్రశ్నలకూ మార్కులు పెరిగాయి, ఇది మాత్రం ఉన్నచోటే ఉంది. తప్పు రాసినవారంతా మళ్లీ 'ఆగుతుంది' దగ్గరే ఉన్నారు. ఆ అధ్యాపకురాలితో కూర్చుని చూస్తే, ఉద్గారాల గురించి ఆమె చక్కగా చెప్పారు, సాంద్రత గురించీ చక్కగా చెప్పారు. రెండింటినీ ఒకే కాగితం మీద గీయించిన తరగతి మాత్రం లేదు. ఈ సెమిస్టర్‌లో ఆ గంట చేర్చారు. విద్యార్థులే రెండు గీతలూ గీస్తున్నారు. రెండో పరీక్ష వచ్చే నెలలో ఉంది.